బావమరిది పాత కంప్యూటర్

మా బావమరిది తన దుకాణంలోని పాత కంప్యూటర్‌ను నన్ను కొనుక్కోమన్నప్పుడు నాకు ముందు కోపం వచ్చింది, తర్వాత ఆశ పుట్టింది. ఈ రెండింటి మధ్య కొంత కాలం గడిచిందని చెప్పుకుంటే గౌరవంగా ఉండేది. గడవలేదు.

కోపం ఎందుకో తెలియాలంటే నా పని సంగతి చెప్పాలి. నేను బోధన్‌లో బోర్డులు రాసే పెయింటర్ని. కిరాణా దుకాణాల పేర్లు, బడి గోడల మీద మంచి మాటలు, చెరకు ట్రాలీల వెనక యజమానుల పిల్లల పేర్లు, అన్నీ నా చేతి మీదుగానే వెళ్లేవి. తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. పొద్దున చెబితే సాయంత్రానికి మనిషంత అక్షరాలు, పక్కన నాయకుడి నవ్వు ముఖంతో సహా వచ్చేసేవి. నిజామాబాద్‌లో అలాంటి దుకాణం పెట్టి, నాలాంటి వాళ్ల కుంచెలు ఎండబెట్టిన వాళ్లలో మా బావమరిది ఒకడు. పరాయివాడైతే హాయిగా శాపనార్థాలు పెట్టేవాణ్ణి. భార్యకు సొంత తమ్ముడు కాబట్టి క్రిస్మస్‌కు పిలిచి మాంసం కూర వడ్డించాల్సి వచ్చింది.

ఆ దుకాణం తెరిచిన రోజున పాస్టరుగారు ప్రార్థన చేశాక, నలుగురిలో నిలబడి నేనొక ప్రతిజ్ఞ కూడా చేశాను. "నా పానం పోయినా గీ కంప్యూటర్‌ను ముట్ట" అన్నాను. నన్ను ముట్టుకోమని అక్కడెవరూ అడగలేదు. పాస్టరుగారు కేకు తింటూ తల ఊపారు. అంతే.

ఇక ఆశ సంగతి. నా అక్షరం బాగుంటుంది. ఇది నా మాట కాదు, ఊరి మాట. ఊరిదే ఇంకో మాట కూడా ఉంది: నాకు వత్తులు, గుళ్లు నిలకడగా రావని. చాలా ఏళ్ల కింద శక్కర్‌నగర్ వైపు ఒక దర్జీకి బోర్డు రాశాను. "ఇచ్చట దుస్తులు కుట్టబడును" అని రాయాలి. నేను ఎర్ర రంగుతో, పసుపు నీడ వేసి, చుట్టూ తీగలు గీసి "ఇచ్చట దుష్టులు కుట్టబడును" అని రాశాను. దర్జీ మంచివాడు. నవ్వడానికి వచ్చిన వాళ్లలో కొందరు గుడ్డ కూడా తెచ్చారని చెప్పి, కొన్నాళ్లు అలాగే ఉంచాడు.

అప్పటి నుంచి నేను మా ఆవిణ్ణి అడగకుండా కుంచె పెట్టలేదు. ఆమె పది పాసైంది. చర్చిలో వాక్యం చదవాలంటే ఆమెనే లేపుతారు. ఇంట్లో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూ ఉంటుంది. నేను బయట నుంచి కేకేస్తాను.

"ఏమే, ఆశీర్వాదంల ఏ శ?"

"ఆశల శ. కింద దీర్ఘం పెట్టకు, మీద పెట్టు."

తల కూడా ఎత్తదు. వేళ్లు ఆగవు. మా సంసారంలో సగం మాటలు ఇవే.

అందుకే బావమరిది ఆ రోజు అన్న ఒక్క ముక్క నా మనసులో గుచ్చుకుంది. "తప్పు పడితే ఒక్క మీట కొట్టు బావ, ఎన్కకు పోతది. కిరసనాయిల్ లేదు, గుడ్డ లేదు. తప్పు పడ్డట్టు మా అక్కకు గూడ ఎర్క గాదు."

తప్పు పడ్డట్టు ఎవరికీ తెలియకుండా వెనక్కి పోవడం! నా వయసు మనిషికి అంతకన్నా ఏం కావాలి? ప్రతిజ్ఞ గుర్తొచ్చింది. ప్రాణం పోయినా ముట్టనన్నాను గానీ కొననని అనలేదు కదా, అని ఒక సందు వెతుక్కున్నాను.

మరుసటి వారం నిజామాబాద్ పోయాను, చూసి వద్దామని. దుకాణంలో కొత్త మిషన్లు రెండు మెరుస్తున్నాయి. పాతది ఒక మూల స్టూలు మీద ఉంది. దాని పెట్టె ఒకప్పుడు తెల్లగా ఉండి ఉంటుంది, ఇప్పుడు ముసలివాళ్ల పళ్లకు వచ్చే రంగులో ఉంది. మీట నొక్కితే లోపలి ఫ్యాను గొంతు సవరించుకుని, కాసేపు గురక పెట్టి, అప్పుడు కళ్లు తెరిచింది.

"దీన్ని ఎందుకు అమ్ముతున్నవ్?" అన్నాను. గేదెను కొనడానికి పోయిన ప్రతివాడూ అడిగే మాట అది. నాకు తెలిసిన బేరం అదొక్కటే.

"కొత్తయి తెచ్చిన గద బావ. దీనికేం గాలె. పెద్ద ఫొటోలు పెడితే జర సోంచాయిస్తది, గంతే."

పెద్దవి ముందు పెడితే కాసేపు ఆలోచిస్తుందన్న మాట. ఆ గుణం నాలోనూ ఉంది కాబట్టి దాని మీద కొంచెం అభిమానం కలిగింది.

"ర్యామ్ గూడ పెంచిన" అన్నాడు.

"మంచి పని చేసినవ్" అన్నాను. "పెంచకుంటే కష్టం."

వాడు నా ముఖంలోకి ఒకసారి చూశాడు. ర్యామ్ అంటే ఏమిటో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. పెంచితే మంచిదని మాత్రం ఆ రోజు నుంచి నలుగురికి చెప్పాను.

ఇంటికి వచ్చి విషయం మా ఆవిడ ముందు పెట్టాను. ఆమె చుట్టిన బీడీకి దారం కట్టి, "ముట్టనన్నది నువ్వే, ముడుతనంటున్నది నువ్వే. నన్నెందుకు అడుగుతవ్?" అంది.

"సలహా ఇయ్యి."

"నాకు దాని సంగతి ఏం ఎర్క? నువ్వే సోంచాయించు."

ఆలోచించడమే నా పని కాబట్టి చాలా రోజులు అదే చేశాను. బోధన్ బస్టాండ్ వెనక కంప్యూటర్లు బాగుచేసే అతని దగ్గరికి పోయాను. మిషన్ ఎలా ఉంటుందో చేతులతో కొలిచి చూపించాను. అతను నన్ను జాలిగా చూశాడు.

"అన్నా, గది కొనకు. గది ముసల్ది. నా దగ్గర మంచి పీస్ ఒకటున్నది."

మంచి పీస్‌ను లోపలి నుంచి తెచ్చి దుమ్ము దులిపాడు. దాని కీబోర్డులో కొన్ని మీటలు ఊడిపోయి, పళ్లు రాలిన చిగుళ్లలా ఉంది. మా బావమరిదిది ముసలిదైతే దీన్ని ఏమనాలో తోచక, చాయ్ తాగి వచ్చేశాను.

తర్వాత పాస్టరుగారిని అడిగాను. ఆయన ప్రతిదానికీ చెప్పేదే చెప్పారు. "ప్రార్థన చేయి. దేవుడు జవాబిస్తాడు." సరే, ఆ సాయంత్రం మంచం పక్కన మోకాళ్లూని, కొనాలో వద్దో ఒక గుర్తు చూపించమని అడిగాను. ఆమెన్ అన్నానో లేదో, ఫటక్కున కరెంటు పోయింది.

కరెంటు తీసేశాడంటే కంప్యూటర్ వద్దనే కదా! కాదు, ఇంట్లో చీకటిగా ఉంది, వెలుగు తెచ్చుకోమని అర్థమేమో! ఆ చీకట్లోనే రెండు వైపులా వాదించుకున్నాను. చివరికి మా ఆవిణ్ణి పిలిచి చెప్పాను.

"గాలికి తీగ తెగినట్టున్నది" అంది చీకట్లోంచి. "దేవునికి నీ కంప్యూటర్ తప్ప ఏం పని లేదా? ఆ దీపం అందుకో."

చివరికి మా బావమరిదికే విసుగొచ్చింది. ఫోన్ చేసి, "బావ, పెండ్లి పిల్లను గూడ గిన్నిసార్లు సూడరు. తీస్కపోయి ఇంట్ల పెట్టుకో. వాడి సూడు. నచ్చితే ఉంచుకో, లేకుంటే వాపస్ తే" అన్నాడు.

అలా నా ప్రతిజ్ఞ బోధన్ బస్సెక్కింది. పెట్టె కాళ్ల దగ్గర, తెర ఒళ్లో. తెరకు మా ఆవిడ ఇచ్చి పంపిన దుప్పటి చుట్టాను. పక్క సీట్లో దెగ్లూర్ పోయే పెద్దావిడ కూర్చుంది, మిరపకాయల సంచితో. కాసేపు దుప్పటి వైపు చూసి, "టీవీ ఆహే కా?" అని మరాఠీలో అడిగింది. టీవీయా అని.

"నహీ, కంప్యూటర్" అన్నాను. నా గొంతులో గర్వం నాకే వినిపించింది.

ఆమె అనుమతి అడగకుండా దుప్పటి కొస ఎత్తి, ఒక్క మూల చూసి, మళ్లీ కప్పేసింది. "జునా ఆహే" అంది. పాతదే అని. ఇన్నాళ్లు నేను, బాగుచేసే అతను, పాస్టరుగారు కలిసి తేల్చలేనిది ఆమె ఒక్క మూల చూసి తేల్చింది. ఎడపల్లి దాటేదాకా నేను కిటికీలోంచి వరి మళ్లు చూస్తూ కూర్చున్నాను.

ఇంట్లో దానికి చోటు చూడటం ఇంకో పని. వెలుతురు బాగా వచ్చేది కిటికీ పక్కన. అక్కడ మా ఆవిడ చాట, తునికాకు బుట్ట, పొగాకు డబ్బా ఉండేవి.

"పొగాకు దుమ్ము లోపలికి పోతే ఖరాబైతది. నువ్వు జర బయట కూసో" అన్నాను. "ఇంకోటి, నీ చేతులకు పొగాకుంటది. దీన్ని ముట్టకు."

ఆమె ఏమీ అనలేదు. చాట తీసుకుని వసారాలోకి పోయింది. ఏమీ అనకపోతే నేను గెలిచినట్టు అనుకునేవాణ్ణి అప్పట్లో.

ఇక నేను, ఆ మిషను మిగిలాం. చేతికి కుంచె ఇస్తే నేను ఒక్క ఊపులో రాసే అక్షరాన్ని అక్కడ వెతకాలి. కీబోర్డు మీద ఉన్నవన్నీ ఇంగ్లీషు అక్షరాలు. వాటి వెనక తెలుగు ఎక్కడో దాక్కుని ఉంది. ఒక మీట కొడితే క వస్తుంది, ఇంకోటి కొడితే దాని తలకట్టు వస్తుంది, మూడోది తప్పుగా కొడితే రెండూ పోతాయి. చూపుడు వేలుతో ఒక్కొక్కటే పొడిచేవాణ్ణి. మా బావమరిదికి ఫోన్ చేసి "జ్ఞ ఎక్కడున్నది?" అని అడిగితే, "ఏ పదానికి బావ?" అనేవాడు. పదంతో వాడికేం పని? అసలు సంగతి, ఆ పదమేమిటో వాడికి చెప్పడం నాకు ఇష్టం లేదు.

ఎందుకంటే నేను అప్పటికే పాస్టరుగారికి మాట ఇచ్చేశాను. మా చర్చిలో ఏటా పంట చేతికొచ్చాక కోత పండుగ చేస్తారు. కొత్త ధాన్యం, చెరకు గడలు, గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చి దేవుని ముందు పెడతాం. ప్రతి ఏడూ గుడ్డ మీద బ్యానరు రాసేది నేనే. ఈ ఏడు మాత్రం "అయ్యగారు, ఫ్లెక్సీ చేస్త. నా సొంత కంప్యూటర్ల" అన్నాను. సొంతం అన్న మాట ఎలా వచ్చిందో తెలియదు. ఇంకా కొనలేదు, కొంటానో లేదో కూడా తెలియదు.

రాయాల్సింది పెద్దదేమీ కాదు. "కోత పండుగ", దాని కింద "కృతజ్ఞతార్పణ ఆరాధన". ఆ రెండో వరుస నన్ను పట్టుకుని రోజులకు రోజులు వదల్లేదు. మీట కొట్టి వెనక్కి, మళ్లీ కొట్టి వెనక్కి. వెనక్కి పోవడం నాకు ఎంత నచ్చిందంటే ముందుకు పోవడం మర్చిపోయాను. మా ఆవిడ వసారాలోంచి ఒకసారి, "ఏ వత్తు కావాలె?" అని అడిగింది. "అవసరం లేదు, దీంట్లనే అన్ని ఉన్నయి" అన్నాను.

అక్షరాలు అయ్యాక బొమ్మల మీద పడ్డాను. బోధన్ మట్టిలో ఎప్పుడూ కాయని ద్రాక్ష గుత్తులు పెట్టాను. చెరకు గడలనుకుని ఒక పక్క నిలువునా పెట్టినవి వెదురు బొంగులని తర్వాత తెలిసింది. చెరకు మధ్య పుట్టి పెరిగిన మనిషిని నేను. నీడలు, మెరుపులు, మెరుపులకు మళ్లీ నీడలు పెట్టాను. మిషన్ అప్పుడప్పుడు ఆగి ఆలోచించేది. నేను కూడా దానితో పాటు చేతులు కట్టుకుని ఆలోచించేవాణ్ణి.

చివరికి దాన్ని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి తెలిసిన మనిషితో నిజామాబాద్ పంపాను. ఆ రోజు మా బావమరిది ధర్పల్లిలో ఏదో పెళ్లికి పోయాడు. దుకాణంలో ఉన్నది కొత్తగా చేరిన ఆపరేటర్, నాందేడ్ వైపు మనిషి, తెలుగు చదవడం రాదు. ప్రింటు కొట్టి, చుట్ట చుట్టి, టేపు వేసి శనివారం బస్సులో పంపాడు. బస్టాండ్‌లో అందుకున్నాను. విప్పి చూసుకోవాలి కదా? చూసుకోలేదు. అందరి ముందు ఒక్కసారే విప్పుదామనుకున్నాను. మా ఆవిడ "జర తెరిచి సూడరాదు?" అంటే, "దుమ్ము పడతది" అన్నాను.

ఆదివారం పొద్దున చర్చి కళకళలాడుతోంది. స్తంభాలకు చెరకు గడలు కట్టారు. మా ఆవిడ, ఇంకొందరు ఆడవాళ్లు లోపల వరి కంకులు గుత్తులు కడుతున్నారు. కోళ్లు ఒక మూల కాళ్లకు తాళ్లతో కూర్చుని పాటలు సాధన చేసేవాళ్లను చూస్తున్నాయి. ఇద్దరు మనుషులు నిచ్చెనలెక్కి ఫ్లెక్సీని పై నుంచి కట్టారు. నేను కింద నిలబడి తాడు లాగాను. అది సర్రున విప్పుకుంది.

ద్రాక్షలు వచ్చాయి. వెదురు వచ్చింది. నీడలు, మెరుపులు అన్నీ వచ్చాయి. అక్షరాలు మాత్రం తెలుగులో లేవు. కోత ఉండాల్సిన చోట ఒక డాలరు గుర్తు, ఒక ప్రశ్నార్థకం, నెత్తి మీద చుక్కలున్న ఏవో ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి. కృతజ్ఞతార్పణ ఉండాల్సిన చోట పిచ్చుకలు సిరాలో కాళ్లు ముంచి నడిచినట్టు ఉంది. పాత మిషన్‌లోని తెలుగు అక్షరాలు దుకాణంలోని కొత్త మిషన్‌లో లేవట. అందుకని అది తనకు తోచింది వేసింది. నాందేడ్ మనిషి దాన్ని ఇంగ్లీషు అనుకున్నాడు.

ముందు వరుసలో కూర్చునే ఒక ముసలి అవ్వ కళ్లద్దాలు సవరించుకుని, "అయ్యగారూ, గిది ఏం బాస?" అంది.

పాస్టరుగారు దాని వైపు చాలా శ్రద్ధగా చూశారు. "అన్యభాష అవ్వా" అన్నారు. "అర్థం చెప్పేవాడు ఇంకా రాలేదు."

ఆ మాటకు లేచిన నవ్వు ఇంకా ఆగకముందే నేను స్కూటరెక్కాను. ఇంటికి పోయి రంగు డబ్బాలు, కుంచెలు తెచ్చాను. ఫ్లెక్సీని దింపించి చర్చి వసారాలో బోర్లా పరిచాను. వెనక వైపు తెల్లగా ఉంటుంది కదా. మోకాళ్ల మీద కూర్చుని రాయడం మొదలుపెట్టాను. చుట్టూ జనం చేరారు. అవమానం, కోపం, జనం, ఈ మూడూ కలిస్తే నా చెయ్యి ఎప్పుడూ లేనంత బాగా ఆడుతుంది. ఎర్ర రంగులో కో, దాని పక్కన త, నిండుగా, గట్టిగా. ఎవరో "అబ్బ, మిషినెందుకన్నా నీకు!" అన్నారు. ఆ మాటతో నాకు రెక్కలొచ్చాయి. తలకట్ల మీద మామూలుగా ఇచ్చే సొగసు కంటే ఇంకొంచెం సొగసిచ్చాను. కుంచెను గుండ్రంగా ఒక తిప్పు తిప్పి వదిలాను. రెండో వరుస పెట్టుకోలేదు. దాని జోలికి పోయే ధైర్యం లేదు. అడగడానికి మా ఆవిడ లోపల ఉంది. పిలిస్తే పదడుగుల్లో వచ్చేది. పిలవలేదు. రెండే మాటలు, వాటికి వత్తులు కూడా లేవు, ఇంత చిన్నదానికి అడగడమేమిటి అనుకున్నాను.

రంగు ఆరకముందే పైకెత్తి కట్టారు. అందరం నాలుగడుగులు వెనక్కి వేసి చూశాం. దూరం నుంచి చూస్తే అక్షరాలు దివ్యంగా ఉన్నాయి. ఆదివారపు బడి పిల్లలు అప్పుడే వరుసగా లోపలికి వస్తున్నారు. వాళ్లు ఏది కనిపించినా గట్టిగా చదువుతారు.

"కోతి పండుగ!"

త మీద నేను తిప్పిన సొగసు గుండ్రంగా మూసుకుని చక్కటి గుడి అయి కూర్చుంది.

ఈసారి పాస్టరుగారు కూడా ఆపుకోలేకపోయారు. సిరికొండ వైపు నుంచి చుట్టపుచూపుగా వచ్చిన ఒక రైతు మాత్రం నవ్వకుండా లేచి నిలబడ్డాడు. "నవ్వకుండ్రి. ఈ అన్న బరాబర్ రాసిండు. మా మక్కజొన్న సగం కోతులే తిన్నయి. మా దిక్కు పండుగ గవాటిదే" అన్నాడు. పాస్టరుగారు ఆ రోజు సిద్ధం చేసుకున్న ప్రసంగం పక్కన పెట్టి, మనం కోసేదాంట్లో ఎవరెవరి వాటా ఉందో, ఆకాశ పక్షులను పోషించేవాడు కోతులను మాత్రం ఎందుకు వదులుతాడో, చాలాసేపు బోధించారు. మంచి ప్రసంగం అని అందరూ అన్నారు. నేను చివరి వరుసలో కోళ్ల పక్కన కూర్చుని విన్నాను.

ఇంటికి పోయేటప్పుడు మా ఆవిడ స్కూటరు వెనక కూర్చుంది. కొంత దూరం పోయాక ఆమె నుదురు నా వీపుకు ఆని వణుకుతున్నట్టు తెలిసింది. ఏడుస్తోందనుకున్నాను. నా పరువు పోయినందుకు ఇంత బాధపడే మనిషిని వసారాలోకి పంపానే అని కళ్లు చెమర్చాయి. బండి పక్కకు ఆపి చూస్తే, ఆమె చీర కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. "పోనీ, పోనీ" అంది చెయ్యి ఊపుతూ. మాట రావడం లేదు.

సోమవారం పొద్దున నేను దుప్పటి తీశాను. మిషన్ వాపస్ ఇచ్చేయాలని తేల్చుకున్నాను. ఇన్నాళ్లలో నేను గట్టిగా తేల్చుకున్నది అదొక్కటే.

"ఎటు?" అంది మా ఆవిడ.

"మీ తమ్మునికి ఇచ్చొస్త. ఇది మనకు అచ్చిరాలె."

"అదేం జేసింది? అచ్చు తప్పింది ఆ దుకాణమోడు సూడకపోబట్టి. గుడి పెట్టింది నువ్వు. దాన్నెందుకు బద్నాం చేస్తవ్?" చాట కింద పెట్టి లేచింది. "ఆగు జర. ఇన్ని దినాలు ఇంట్ల ఉన్నది, నన్ను ఒక్కసారన్న ముట్టనిచ్చినవా?"

బయటికి పోయి సబ్బుతో చేతులు రుద్ది రుద్ది కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంది. వచ్చి కుర్చీలో కూర్చుంది. నేను దుప్పటి పట్టుకుని నిలబడ్డాను. తమ్ముడికి ఫోన్ కలిపి స్పీకరు పెట్టింది. "నేనురా. మీ బావకు చెప్పినట్టు చెప్పకు, మెల్లగ చెప్పు" అంది.

వేళ్లు పరుగెత్తాయని, నేను రోజులు పెట్టింది ఆమె క్షణంలో చేసిందని చెబితే కథకు బాగుండేది. అలా ఏం కాలేదు. ఆ రోజంతా తంటాలు పడి "చెరకు" అని ఒక్క మాట కొట్టింది. మధ్యలో అన్నం కూడా మాడింది. కానీ ఆ మాటలో తప్పు లేదు. మర్నాడు రెండు మాటలు, ఆ వారం చివరికి కీర్తనలో ఒక చరణం కొట్టింది. కొట్టిన ప్రతిదీ పైకి చదువుకునేది. నేను వెనక నిలబడి చూసేవాణ్ణి, మొదట కోపంతో, తర్వాత వేరే పని లేక.

ఒక రోజు ఉండబట్టలేక, "ఆ రెండు అక్షరాల నడుమ సందు ఎక్కువైంది" అన్నాను.

"ఏ సందు?"

"అగో, చెరకుల 'ర'కు, 'కు'కు నడుమ. పన్ను ఊడినట్టు లేదా?"

ఆమె కళ్లు చిన్నవి చేసి చూసింది. తెరకు దగ్గరగా పోయి చూసింది. "నాకు కనపడతలేదు" అంది. వేలు పెట్టి చూపించాను. మిషన్‌లో దాన్ని దగ్గరికి జరిపే ఉపాయం తమ్ముణ్ణి అడిగి తెలుసుకుని జరిపింది. అప్పుడు చూసి, "అవునే!" అంది. ఇన్నేళ్లలో నా అక్షరం గురించి ఆమె ఆశ్చర్యపోవడం నేను అప్పుడే చూశాను. ఆ తర్వాత ఇంకో నాలుగు సందులు చూపించాను. రెండు నిజంగా ఉన్నాయి.

క్రిస్మస్ ముందు మా బావమరిది బోధన్ వచ్చాడు. మిషన్ సంగతి తేల్చడానికే అని నాకు తెలుసు. చాయ్ ఇచ్చాక నేను గొంతు సవరించుకున్నాను. కొనాలా వద్దా అన్నదాని మీద నాలో ఒక ఉపన్యాసమే తయారై ఉంది. మిషన్ వయసు, ర్యామ్ పెంచిన సంగతి, కరెంటు పోయిన సంగతి, కాలంతో పాటు మారాల్సిన అవసరం. "ఇగో, నేను అన్ని దిక్కుల నుంచి సోంచాయించిన" అని మొదలుపెట్టాను.

వాడు అక్క వైపు చూశాడు. అక్క తెర వైపు చూస్తోంది.

"బావ, అక్క పోయిన నెలనే పైసలిచ్చి తీస్కున్నది గద" అన్నాడు. "నీకు చెప్పలేదా?"

"చెప్తె మల్ల పాస్టరుగారి దగ్గరికి పోతడని చెప్పలె" అంది ఆమె, తల తిప్పకుండా.

నేను చాయ్ తాగాను. ఉపన్యాసం లోపలే ఉండిపోయింది. ఒక రకంగా హాయిగానే అనిపించింది. నిర్ణయం నాకే వదిలి ఉంటే ఈ ఏడాదికి కూడా తేలేది కాదు.

ఆ మిషన్ ఇప్పటికీ కిటికీ పక్కనే ఉంది. చాట కూడా మళ్లీ కిటికీ పక్కకే వచ్చింది. ఒకసారి ఫ్యాను ఆగిపోతే బస్టాండ్ వెనక అతని దగ్గరికే పట్టుకుపోయాం. విప్పి చూసి, "అన్నా, దీంట్ల పొగాకెట్ల వచ్చింది? బీడీ తాగుతదా?" అన్నాడు. శుభ్రం చేసి ఇచ్చాడు. కొనమని ఇంకేదీ చూపించలేదు.

మొన్న కోటగిరి నుంచి ఒక రైతు ట్రాక్టరు తోలుకుని వచ్చాడు. వెనక కొత్త ట్రాలీ. ట్రాలీని చూడగానే నేను సంబరంగా లేచి కుంచెలు తీశాను.

"ఉండన్నా" అన్నాడతను. "ముందు అక్క ఉన్నదా? బిడ్డ పుట్టినరోజుకు ఫ్లెక్సీ చేయించాలె. అక్క అయితే తప్పుల్లేకుండ చేస్తదని చెప్పిండ్రు."

ఎవరు చెప్పారో నేను అడగలేదు. ఆవిడ వచ్చి కూర్చుని పాప పేరు అడిగింది. నేను వాళ్లిద్దరికీ చాయ్ పెట్టాను. ఫ్లెక్సీ పని అయ్యాక అతను, "ట్రాలీ మీద గూడ బిడ్డ పేరే రాయన్నా, గది మాత్రం చేతితోటే కావాలె" అన్నాడు. ఎండ దిగే వేళకు నీలం రంగులో రాశాను, తెల్ల అంచు వేశాను. మా ఆవిడ బయటికి వచ్చి, ట్రాలీ చుట్టూ ఒకసారి తిరిగి చదివి, "మంచిగున్నది" అంది. అతను తడి రంగుకు చెయ్యి తగలకుండా జాగ్రత్తగా ఎక్కి, కోటగిరి రోడ్డు పట్టి పోయాడు.